ఎలపట, దాపట

పోయిన నెల కామారెడ్డి నుంచి బట్టల మూట వేసుకుని స్కూటీ మీద ఎల్లారెడ్డికి వస్తున్నాను. లింగంపేట దాటాక రోడ్డు పక్క చెలకలో ఒక ముసలాయన ఎడ్లతో అరక తోలుతున్నాడు. ఈ ట్రాక్టర్ల కాలంలో అరక కనబడితే ఎవరైనా తల తిప్పి చూస్తారు. నేను ఏదో లెక్కలో ఉండి చూడనే లేదు. "దాపట! దాపట!" అని ఆయన కేకేశాడు. అంతే, నా చేతులు నన్ను అడగకుండానే హ్యాండిల్‌ను ఎడమకు తిప్పేశాయి. ఎవరో రోడ్డు మీద ఆరబోసుకున్న మక్కల్లోకి స్కూటీ, నేను, బట్టల మూట కలిసికట్టుగా పోయి పడ్డాం.

మోకాలు గీరుకుపోవడం తప్ప పెద్ద దెబ్బేం తగల్లేదు. ముసలాయన ఎడ్లను వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"నేను ఎద్దును అంటే నువ్వెందుకు తిరిగినవమ్మా?"

"అలవాటు తాతా," అన్నాను మక్కలు దులుపుకుంటూ.

"ఎడ్లు తోలినవా ఎన్నడన్న?"

"నేను తోలలే. నన్నే తోలిండ్రు."

ఆయన నా మొహంలోకి కాసేపు పరీక్షగా చూశాడు. తలకు ఏమైనా తగిలిందేమో అనుకున్నట్టున్నాడు. చెట్టు కింద ఉన్న సీసా తెచ్చి నీళ్లు తాగించి, బండి లేపి, నిమ్మళంగా పొమ్మని పంపాడు.

అరకకు కట్టిన జోడులో ఎడమ పక్క నడిచే ఎద్దు దాపట, కుడి పక్కది ఎలపట. ఇది రైతుల ఇళ్లలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఎల్లారెడ్డి బజార్లో బట్టల దుకాణం నడిపే ఇంట్లో పుట్టిన నాకు మాత్రం పద్నాలుగేళ్లు వచ్చేదాకా తెలియదు. నాకు నేర్పిన మనిషి తర్వాత మన దేశం జట్టులో ఏళ్ల తరబడి హాకీ గోల్‌కీపరుగా నిలబడింది. ఇప్పుడు ఆట మానేసి, దూరపు రాష్ట్రంలో ఎక్కడో కొత్త గోల్‌కీపర్లకు నేర్పుతోంది. పేరు రాయను. రాస్తే ఎంత దూరాన ఉన్నా వచ్చి తిడుతుంది. ఆమె తిట్టడం మొదలుపెడితే ఈ ఊళ్లో అంటే ఆ ఊళ్లో వినబడుతుంది.

ఆమె గొంతు గురించి ముందే చెప్పుకోవాలి. నోరున్న వాళ్లదే రాజ్యం అంటారు కానీ, నోరుండి రాజ్యం మీద ఆశలేని మనిషి ఆమె. ఎప్పుడూ ఎవరికీ ముందు నిలబడదు. బడిలో ఆఖరి బెంచీ, బస్సులో ఆఖరి సీటు, పెళ్లిలో ఆఖరి వరస. మా ఇంటికొచ్చినా గల్లాపెట్టె పక్కన కుర్చీ వేస్తే కూర్చోదు, వెనకాల తానుల బీరువాకు ఒరిగి కింద కూర్చుంటుంది. అక్కడి నుంచే దుకాణంలో ఏ మూల ఎవరు ఏ చీర కింద ఏ చీర దాచారో చెప్పేస్తుంది. "ముంగటికి రావే" అంటే ఒకటే మాట అనేది. "చూసెటోళ్లు ఎన్కనే ఉండాలె."

ఇంకో అలవాటు. ఆట మొదలయ్యే ముందు గోల్ స్తంభాల దగ్గరికి పోయి, రెంటినీ అరచేత్తో చిన్నగా తట్టేది. టీవీలో చూసిన వాళ్లు అదేదో మొక్కు అనుకునేవారు. అది మొక్కు కాదు. పని మొదలుపెట్టే ముందు ఎడ్ల మూపు మీద తట్టడం ఆమెకు చిన్నప్పటి నుంచి చేతి అలవాటు. కొమ్ములు లేకపోయినా స్తంభాలు దానికి ఏమీ అనుకున్నట్టు లేదు.

ఆమె ఊరు లింగంపేట అవతల, రోడ్డు నుంచి మైలు లోపలికి పోతే వచ్చే పది పదిహేను ఇళ్ల పల్లె. బస్సు దొరికితే బస్సు, లేకపోతే నడక. రోజూ బడికి ఆలస్యమే. హాకీ జట్టు పెడదామని మా పీఈటీ సారుకు బుద్ధి పుట్టిన రోజు కూడా ఆలస్యంగానే వచ్చింది. అప్పటికి అందరం మంచి మంచి చోట్లు పంచేసుకున్నాం. బంతి ఎదురుగా వచ్చి తగిలే చోటు ఒక్కటే మిగిలింది. సారు అక్కడికి పొమ్మన్నాడు. పోయి, చుట్టూ చూసి, "గిక్కడికెల్లి అందరు కనవడ్తుండ్రు, మంచిగున్నది" అంది. అదీ ఆమె అంతర్జాతీయ క్రీడా జీవితానికి ప్రారంభోత్సవం.

గోల్‌కీపరుకు కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు కావాలి. బడిలో లేవు. సారు కామారెడ్డి బెల్లం మార్కెట్టు నుంచి నాలుగు ఖాళీ గోనెసంచులు తెచ్చాడు. ఈమె తల్లి వాటిలో పాత బట్టలు, పత్తి కుక్కి, బీడీలు చుట్టే చేతులతో గట్టిగా కుట్టి ఇచ్చింది. చూడటానికి బాగానే ఉన్నాయి. మొదటి మ్యాచ్‌లో పది నిమిషాలు గడిచాక ఆమె గోల్‌లో ఎగరడం మొదలుపెట్టింది. ఈ కాలు, ఆ కాలు, మళ్లీ ఈ కాలు. ఎదుటి బడి పిల్లలు ఏ వైపు కొట్టాలో తెలియక నిలబడిపోయారు. వాళ్ల సారు మా సారు దగ్గరికొచ్చి, "ఈ పద్ధతి ఏడ నేర్పిండ్రు సార్?" అని అడిగాడు. సంచులకు బెల్లం వాసన పోలేదు. చీమలు ప్యాడ్ల లోపలికి వెళ్లి వాటి పని అవి చేసుకుంటున్నాయి. మేం గెలిచాం. ఆ తర్వాత సంచులు ఉడకేసినా ఎగరడం మాత్రం ఆమె మానలేదు. మంచిగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు మానాలంది.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. కామారెడ్డి గ్రౌండులో బడుల మధ్య పోటీ. నేను ఆమె ముందు ఎడమ వైపు కాపలా. ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుంది. వెనక నుంచి "దాపట! దాపట!" అని కేక. ఎడమకు జరిగి అడ్డం నిలబడమని ఆ మాటకు అర్థం. నేనేం చేశాను? వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా, "ఏంది?" అని అడిగాను. జవాబు వచ్చేలోపు బంతి నా పక్క నుంచి పోయి గోల్‌లో పడింది. ఓడిపోయాం.

తిరుగు బస్సులో ఆమె తన ఊరి దగ్గర దిగిపోయింది. దిగుతూ నాతో ఒక్కటే అంది. "ఐతారం మా చెలకకాడికి రా."

ఆదివారం వెళ్లాను. చెలకలో వాళ్ల తాత అరక పట్టి ఉన్నాడు. మనిషి ఎండిన కట్టెలా ఉన్నా మేడి మీద చేతులు మాత్రం ఇనుమే. కళ్లు ఆనక అప్పటికి ఐదేళ్లు. తండ్రి పనికోసం బొంబాయి పోయి వానాకాలానికి గానీ రాడు. తల్లికి బీడీల పని. అందుకని అరక పట్టేది తాత, చూసేది మనవరాలు. ఆమె ఆయన వెనక నడుస్తూ, "దాపట జర లోపటికి తాతా... ఎలపట, ఎలపట... హో, బండ ఉన్నది" అని చెబుతూ పోతోంది. ఆ మాట తాత చెవిలో పడేసరికి ఎద్దు తిరిగిపోయేది. ఆమె గొంతుకు ఎడ్లు కూడా అలవాటు పడ్డాయి. చూపున్న రైతులకు కూడా కుదరనంత తిన్నగా, నాగలి వెనక సాలు తర్వాత సాలు పడుతోంది.

నేను అది చూస్తూ నిలబడ్డాను. చూడటానికే పిలిచిందనుకున్నాను. కాదు. ఎడ్లు మేతకు పోగానే నన్ను చెలకలో నిలబెట్టి, తాను వెనక నిలబడి, సాయంత్రం దాకా దాపట, ఎలపట అని నడిపించింది. చెలక ఒడ్డునే ఉన్న ఇంటి గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న వాళ్లమ్మ, "దుకాణపోళ్ల బిడ్డను ఎద్దును జేసినవేందే, వాళ్ల బాపు ఏమంటడు!" అని కడుపు పట్టుకుని నవ్వింది. తాత మాత్రం నవ్వలేదు. అడుగుల చప్పుడు విని, "దాపటకు మంచిగనే తిరుగుతున్నది. ఎలపటకు జర మొద్దు" అని నా మీద తీర్పు ఇచ్చాడు.

మొద్దునే. కానీ ఆ ఆదివారం తర్వాత ఆ రెండు మాటలకు నా ఒళ్లు మరి తప్పలేదు. మరుసటి ఏడు అదే కామారెడ్డి గ్రౌండులో మేం కప్పు గెలిచాం. ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. లారీలో ఎల్లారెడ్డి దాకా అరుచుకుంటూ వచ్చాం. ఆమె లారీలో కూడా వెనకే నిలబడింది.

నా ఆట పదో తరగతితో సరి. ఆమెది అక్కడ మొదలైంది. అకాడమీలు, రాష్ట్రం జట్టు, ఆ తర్వాత దేశం జట్టు శిబిరం. మెట్టు ఎక్కిన ప్రతిసారీ మా దుకాణానికి ఫోన్ చేసి, "మా తాతకు చెప్పు" అనేది. నేను స్కూటీ తీసుకుని పోయి చెప్పి వచ్చేదాన్ని. ఆ వార్తలు మోయడంలో నాకున్న గర్వం ఇంతా అంతా కాదు, నేనే గోల్ ఆపినంత.

ఒకసారి మాత్రం ఫోన్ లేకుండా మనిషే వచ్చింది. చేతిలో చిన్న సంచి. నాలుగు రోజుల సెలవంది. తానుల బీరువాకు ఒరిగి కూర్చుని, ఎవరు ఏ చీర చూస్తున్నారో కూడా చూడటం లేదు. అప్పుడే అనుకున్నాను, ఏదో అయిందని.

అయింది ఇదీ. శిబిరానికి కొత్త కోచ్ వచ్చాడు, ఉత్తరాది ఆయన. "ఇది దేశం జట్టు, మీ ఊరి పొలం కాదు. నీ ముందున్న వాళ్లకు నీ మాట అర్థం కావాలి. హిందీలో చెప్పు, రాకపోతే ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆమెకు హిందీ రాదా అంటే, వస్తుంది. కూర్చుని మాట్లాడితే మంచిగానే మాట్లాడుతుంది. కానీ బంతి మీదికి వచ్చేటప్పుడు మాట నాలుక నుంచి రాదు, కడుపులో నుంచి వస్తుంది. ఆమె దాన్ని ఆపి, మార్చి, అరిచేలోపు గోల్ పడుతోంది. నాలుగు ప్రాక్టీసు మ్యాచుల్లో తొమ్మిది పడ్డాయి. రెండో గోల్‌కీపరు తయారుగా ఉంది. జట్టు వారంలో విమానం ఎక్కాలి.

"మానేస్త," అంది.

"మానేసి?"

"అమ్మతోని బీడీలు జేస్త."

"ఆ చేతులతోనా? ఒక్క ఆకు మిగల్తదా?"

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గజం బద్ద గల్లా మీద విసిరికొట్టాను. దుకాణంలో ఉన్న వాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

"కామారెడ్డిల నేను 'ఏంది' అన్నప్పుడు నువ్వేం జేసినవే? నీ మాట మార్చుకున్నవా? నన్ను మార్చినవా?"

ఆమె నా వైపు చూసింది.

"నిన్ను మార్చిన."

"మరి? దుకాణంల పుట్టిన మొద్దునే ఒక్క ఐతారంల మార్చినవ్. దేశం మొత్తంల మంచి ఆటగాళ్లు వాళ్లు, వాళ్లకు రెండు మాటలు రావా?"

 ఆమె లేచి, సంచి భుజాన వేసుకుని, ఇంటికి కూడా పోకుండా తిరిగి బస్సెక్కింది. నాలుగు రోజుల సెలవులో మూడున్నర రోజులు మిగిలే ఉన్నాయి.

తర్వాతి కథ ఫోన్‌లో విన్నాను. శిబిరంలో అమ్మాయిలుండే భవనం వరండాలో, పంజాబు పిల్లనూ జార్ఖండ్ పిల్లనూ పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరి భుజాల మీద హాకీ కర్రను అడ్డంగా పెట్టిందట. తాను వెనక నిలబడి దాపట, ఎలపట అని నడిపించిందట. మొదట పడి పడి నవ్వారట. కానీ వాళ్లలోనూ చాలామంది నాగలి ఎరిగిన ఇళ్ల పిల్లలే. జార్ఖండ్ పిల్ల అరగంటలో పట్టేసుకుని, మా ఊళ్లో దీన్ని ఇలా అంటామని తన మాట చెప్పిందట. "మీ ఊరి మాట మీ ఊళ్లె. ఎన్క నేనున్న గాబట్టి గిక్కడ నా మాట" అని ఈమె అందట.

మూడో రోజు కోచ్ చూశాడు. ఇదేమిటని అడిగాడు.

"సార్, మీరు నన్ను మారమన్నరు. నాతోని గాలే. అందుకని వీళ్లను మార్చిన," అని హిందీలోనే చెప్పిందట.

 ఆయన మూడు వేళ్లు చూపించాడట. "మూడు మ్యాచులు. కుదరకపోతే ఆ తర్వాత నీ అరక, నువ్వు, రైలు."

విదేశంలో టోర్నమెంటు. మొదటి మ్యాచ్‌లో ఒక్క గోల్ కూడా పడలేదు. రెండో మ్యాచ్‌లో అలసిపోయిన పిల్ల స్థానంలో కొత్త పిల్ల వచ్చింది. వరండా పాఠం ఆ పిల్లకు సరిగా ఎక్కలేదు. రెండు గోల్స్ పడ్డాయి, ఓడారు. సాయంత్రం ఫోన్ వచ్చింది. "నీ అసొంటిది గిక్కడ గూడ ఒకతి దొరికింది. ఎన్కకు తిరిగి 'క్యా?' అంటది." నవ్వుతూనే చెప్పింది. కానీ ఇక మిగిలింది ఒక్క మ్యాచే అని ఇద్దరికీ తెలుసు.

ఆ మ్యాచ్ రోజు మధ్యాహ్నం మా దుకాణంలో బేరాలు బందు. టీవీ గల్లా మీదికి ఎక్కించాం. బజారంతా చెప్పులు విడిచి వచ్చి నేల మీది పరుపుల మీద కూర్చుంది. వాళ్లమ్మ చాట తెచ్చుకుంది. తాతను నేనే స్కూటీ మీద కూర్చోబెట్టి తెచ్చాను. అప్పటికి ఆయనకు చూపు మొత్తమే పోయింది. టీవీకి మూరెడు దూరంలో కూర్చోబెట్టాం.

ఎదుటి జట్టు పిల్లలు తాటిచెట్లంత ఉన్నారు. గోల్ పక్కన మైకు ఉందేమో, వ్యాఖ్యానం వెనక నుంచి ఆమె గొంతు స్పష్టంగా వస్తోంది. "దాపట! జరుగు! ఎలపట, ఎలపట... హో!" తెరమీద పంజాబు పిల్ల ఎడమకు పోతోంది, జార్ఖండ్ పిల్ల కుడికి పోతోంది. ఎల్లారెడ్డి బజారు కళ్లలో నీళ్లు తిరిగాయి. లింగంపేట చెలకలో ఎడ్లకు చెప్పే మాటకు దేశం జట్టు తిరుగుతోంది. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

తాత కదలకుండా వింటున్నాడు. చూస్తున్న మాకంటే ఆయనకే ఆట బాగా తెలుస్తోంది. ఉన్నట్టుండి, "దాపటది అలిసింది. ఒక్కసారి చెప్తె తిరుగుతలేదు, రెండుసార్లు చెప్తున్నది" అన్నాడు. రెండు నిమిషాల్లో ఎడమ వైపు పిల్లను మార్చి, రెండో మ్యాచ్‌లో 'క్యా' అన్న పిల్లను దింపారు.  "దాపట!" అని కేక వచ్చింది. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. ఎడమకు పోయి బంతికి అడ్డం నిలబడింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే, ఎందుకో మీకు తెలుసు.

ఆట సమానంగా ముగిసింది. షూటౌట్ పెట్టారు. అంటే ఎదుటి జట్టులో ఒక్కొక్కరు బంతి తీసుకుని ఒంటరిగా వస్తారు, గోల్‌కీపరు ఒంటరిగా ఆపాలి, ఎనిమిది సెకండ్ల గడువు. ముందు కాపలా ఎవరూ ఉండరు. మన పిల్లలు తమ ఐదు ప్రయత్నాల్లో మూడు వేశారు. వాళ్లు నాలుగింటిలో రెండు వేశారు. ఇంకొక్కటి మిగిలింది. ఆపితే గెలుపు.

తాత నా వైపు తల తిప్పాడు.

"సప్పుడు జేస్తలేదేంది బిడ్డ?"

"ముంగట ఎవలు లేరు తాతా. చెప్పెటందుకు ఎవలు లేరు."

"మరి ఎవలు ఆపుతరు?"

"ఆమెనే చూడాలె, ఆమెనే ఆపాలె."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

తాత నా చేయి పట్టుకున్నాడు. వాళ్లమ్మ చుడుతున్న బీడీ చేతిలోనే ఉండిపోయింది.

ఈల మోగింది. ఆ పొడుగు పిల్ల బంతితో దూసుకొచ్చింది. ఈమె గోల్ వదిలి ఎదురెళ్లింది, ఈ కాలు, ఆ కాలు వేస్తూ. ఆ పిల్ల ఈమె ఎడమకు పోతున్నట్టు పోయి, చటుక్కున కుడి వైపు మళ్లింది. అప్పుడు మైకులో వచ్చింది ఆ గొంతు, తనకు తానే చెప్పుకుంటూ.

"ఎలపట!"

ఒళ్లు మొత్తం కుడికి పడింది. బంతి ఆమె కాలికి తగిలి, గోల్ పక్క నుంచి బయటకు దొర్లిపోయింది.

తర్వాత మా దుకాణంలో ఏం జరిగిందో నాకు సగమే గుర్తుంది. తానులు కూలాయి. ఎవరో కొత్త చీర విప్పి జెండాలా ఊపారు, ఆ చీర ఆ తర్వాత ఎవరూ కొనలేదు, నేనే ఉంచుకున్నాను. బీడీల చాట బోర్లా పడింది, వాళ్లమ్మ ఏరుకోలేదు. తాత మాత్రం నా చేయి వదల్లేదు. ఆపిందని చెవిలో అరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయనకు ముందే తెలిసినట్టుంది.

అరగంటకు ఫోన్ మోగింది. వెనక ఒకటే గోల. "కోచ్ సారు రైలు మాట ఎత్తలే! నువ్వే ఉంటవ్, దాపట, ఎలపట అని గిట్లనే ఒర్రు అన్నడు!" అని అరిచింది. ఫోన్ అవసరం లేకుండానే ఎల్లారెడ్డికి వినబడేంత గట్టిగా అరిచింది. నేను ఫోన్ తాత చెవి దగ్గర పెట్టాను.

"తాతా! చూసినవా?"

చూపు లేని మనిషిని అడగకూడని మాట. ఆ సంతోషంలో ఆమెకు ఆ సంగతే గుర్తు లేదు. దుకాణంలో అందరం నాలుక కరుచుకున్నాం. తాత మాత్రం ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, నవ్వాడు. అన్నేళ్లలో ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

"చూసిన బిడ్డా. ఒక్క సాలు గూడ వంకర పోలే."